రంగు వేసిన హద్దు రాయి

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు నన్ను జిన్నారం ప్రాంతానికి మండల సర్వేయరుగా వేశారు. అప్పటికి శాటిలైటుతో కొలిచే యంత్రం వచ్చేసింది. అయినా ప్రతి సర్వే నంబరుకూ నిజాం జమానాలో గొలుసు పట్టి కొలిచి గీసిన చిన్న పటం ఒకటి ఉంటుంది. దాన్ని టిప్పన్ అంటాం. యంత్రం ఎంత ఖరీదైనదైనా దాని కొలత ఆ ముసలి కాగితంతో కలవాల్సిందే.

గడ్డపోతారం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ప్రహరీ కట్టుకోవడానికి హద్దులు చూపమని దరఖాస్తు పెట్టుకుంది. ఆనుకుని ఉన్న పొలం సత్తెమ్మది. పక్క రైతులకు నోటీసిచ్చి, వాళ్ల ఎదుటే కొలవడం మా పద్ధతి. మేము జీపు దిగేసరికే ఆమె తన బోరు పక్కన నిలబడి ఉంది. ఆమె వరి మొత్తం ఆ ఒక్క బోరు మీదే పారుతుంది.

ఫ్యాక్టరీ గేటు పక్కన హద్దు రాయి తెల్లరంగుతో నిగనిగలాడుతోంది. దాని నుంచి కొలిచి సున్నం పోయించాం. గీత బోరును దాటిపోయింది. అంటే బోరు ఫ్యాక్టరీ వైపు పడిందన్నమాట.

"అయ్యో సారూ, నా బోరు గాళ్లకు రాసిచ్చిండ్రా ఏంది!" అని సత్తెమ్మ గట్టు మీదే కూలబడింది.

అదే రాయి నుంచి రెండో వైపు కూడా కొలిపించాను. టిప్పన్‌తో కలవలేదు. ఈ రాయి ఎప్పటి నుంచి ఇక్కడుందని ఫ్యాక్టరీ మేనేజరు నరేందర్‌ను అడిగాను.

"గార్డెన్ ఏస్తుంటే అడ్డమొచ్చింది సార్. గవర్నమెంటు రాయి గదా, పారెయ్యలే. అందరికి కనవడాలని గేటు కాడ పెట్టించిన. పెయింట్ గూడ ఏయించిన," అన్నాడాయన, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

నా సర్వీసులో ఏ హద్దు రాయికీ ఇంత మర్యాద జరగలేదు. దాన్ని కదిలించడం నేరమని చెబితే పాపం నిజంగానే నొచ్చుకున్నాడు.

మిగతా మూల రాళ్లు చోటు వదల్లేదు. వాటి నుంచి టిప్పన్ కొలతలు పట్టుకుంటూ వస్తే, అసలు చోటు గడ్డిలో ఒక పూలకుండీ కింద తేలింది. సున్నం మళ్లీ పోయించాం. బోరు సత్తెమ్మ వైపు, గీతకు బారెడు లోపల పడింది. పంచనామా మీద సంతకం చేయమంటే, జెర ఆగమని వెళ్లి ముందు మోటారు వేసి వచ్చింది.

పాత రాయినే మళ్లీ అక్కడ పాతిస్తానన్నాడు నరేందర్. ఆమె ససేమిరా అంది.

"వద్దు సారూ. గా రాయి తిరుగుడు మరిగింది. కొత్తది పాతుండ్రి."

కొత్తదే పాతాం. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, రెండు వైపులా కొలిచి టిప్పన్‌తో కలిశాకే సున్నం పోయించాను. తప్పు గీతను కాలితో చెరిపేయవచ్చు. కానీ చెరిపేదాకా పక్కన నిలబడ్డ రైతుకు అదే హద్దు.