ఎవరి గడియారం కరెక్టు?

మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందుగదిలోనే నేను బ్లౌజులు కుడతాను. పై వాటాలో అద్దెకుంటున్న మేడం కాకినాడ వైపు నుంచి వచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆవిడ బ్లౌజుకు హుక్కులు కుడుతూ, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది అడిగేశాను.

"మేడం, పోతున్న మెట్రోల నేను ముంగటికి నడిస్తే నా నడక, రైలు ఉరుకుడు రెండూ కలుస్తయి గదా. మరి గా రైల్ల టార్చి కొడితే ఎలుగు ఇంక జోరుగ పోతదా?"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "లేదక్కా. రైల్లో వాళ్లు కొలిచినా, ప్లాట్‌ఫాం మీద వాళ్లు కొలిచినా వెలుగు వేగం ఒక్కటే."

"గదెట్ల? లెక్క తప్పుతది గదా!"

"లెక్క తప్పకుండా కాలమే సర్దుకుంటుందక్కా. రైలు విపరీతమైన వేగంతో వెళ్తే, అందులో గడియారం బయటున్న మనకి నెమ్మదిగా నడుస్తుంది."

"సెల్లు అయిపోయిందేమో!"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. కానీ నాకు మింగుడు పడలేదు. వారమంతా మిషన్ తొక్కుతూ అదే ఆలోచన. శుక్రవారం ఆవిడ మెట్ల మీద కనిపిస్తే ఆపాను.

"రైల్ల కూసున్నామెకు మన గడియారం ఎట్ల నడుస్తది?"

"ఆవిడకి మనదే నెమ్మది."

"మరి ఎవరిది కరెక్టు?"

మేడం చేతిలోని కూరల సంచి మెట్టు మీద పెట్టేశారు. "అక్కా, రేపు మీరు నాతో క్లాసుకి రావాలి. ఇదే మా పిల్లల్ని అడగండి."

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాం. ఆగలేక, పెట్టెలో ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి నడిచి చూశాను. సీటు వెతుక్కుంటున్నాననుకుని ఎవరో లేచి ఇవ్వబోయారు.

క్లాసులో బోర్డు ముందు నిలబడ్డాను. ఎలాగో ప్రశ్న చెప్పాను. సూత్రాలు గడగడా అప్పజెప్పే పిల్లలు నోట్‌బుక్కులు తిరగేయసాగారు. తర్వాత ముందు బెంచీ అమ్మాయి "రైల్లోదే కరెక్టు" అంది. "కాదు, ప్లాట్‌ఫాంది" అని వెనక నుంచి ఇంకొకరు. క్లాసు రెండు జట్లయింది. బెల్లు మోగినా ఒక్కరూ లేవలేదు.

"రెండూ కరెక్టే. ఎవరి కాలం వాళ్లదే," అన్నారు మేడం చివరికి.

"అట్లయితే గింతసేపు కొట్లాడుడెందుకు?" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఇప్పుడు నెలకోసారి ఆ క్లాసుకు వెళ్తున్నాను. పోయినసారి నేనడిగినదానికి మేడమే రెండు రోజులు గడువు అడిగారు.