పాల డబ్బా రేకు

ఉదయం ఆరూ పదికి గల్ఫ్‌లో, సజ్జా అనే చోట మా ఫ్యాక్టరీ పైపుల యంత్రం ఆగింది. 2005 వేసవి. నేనక్కడ స్టోర్ చూసేవాణ్ణి.

గేర్‌బాక్స్ విప్పితే నలిగిన పాల డబ్బా రేకు ముక్క దొరికింది. బేరింగు వదులైతే కడప నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ కత్తిరించి పెట్టిన ముక్క. అనుమతి లేకుండా బయటి ముక్క వాడితే ఉద్యోగం పోతుందన్నది మేం ముదీర్ అని పిలిచే మేనేజరు నియమం. ఫోర్‌మన్ నెల కిందటే భార్యను తెచ్చుకుని అల్ నహ్దాలో గది తీసుకున్నాడు.

ముదీర్‌ది పశ్చిమ జర్మనీ. మెకానిక్ పెద్దాయనది తూర్పు జర్మనీ. దేశం ఒకటై పదిహేనేళ్లయినా వాళ్ల పని పద్ధతులు ఒకటి కాలేదు. ముదీర్ అరిగినదాన్ని తీయించి కొత్తది వేయించేవాడు. ప్రతి పనీ రాయించేవాడు. పెద్దాయన పాత బోల్టునైనా కడిగి దాచేవాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు వాళ్ల వైపు కొత్తవి దొరికేవి కావట.

పెద్దాయన రేకును వేలి మీద పెట్టుకుని చూశాడు. "ఎన్నాళ్లు నడిచింది?" అని ఫోర్‌మన్‌ను అడిగాడు.

"ఇరవై రోజులు సార్."

"మా వైపైతే నీకు పతకం ఇచ్చేవాళ్లు."

"అందుకే మీ వైపు మూతపడింది," అన్నాడు ముదీర్.

"పడితే పడింది. అక్కడ చేసిన నా మోటార్‌సైకిల్ ఇంకా నడుస్తోంది."

ముదీర్ నవ్వకుండా, రిజిస్టర్లో రాశావా అని ఫోర్‌మన్‌ను అడిగాడు. రాశాడు, తెలుగులో. చదివి చెప్పే పని నాకు పడింది. పెద్దాయన్ను అడిగే పెట్టాడని ఒక మాట కలుపుదామనుకున్నాను. ఫోర్‌మన్ నా మొహం చూశాడు.

"అన్నా, ఉండేదే సదువు. ఏమీ కలపొద్దు."

ఉన్నది ఉన్నట్టే చదివి ఇంగ్లీషులో చెప్పాను: "శుక్రవారం. ఆఫీసులో ఎవరూ లేరు. బేరింగు వదులు. డబ్బా రేకు పెట్టినాను. ఎక్కువ రోజులు ఆగదు, చూడవలెను."

కింద ముదీర్ సంతకం ఉంది.

"సంతకం పెట్టినారు గదా, ఒప్పుకున్నారనుకుంటి," అన్నాడు ఫోర్‌మన్. అదీ చెప్పాను.

ముదీర్ తన సంతకం మీద వేలు పెట్టాడు. "చదవలేనిదాని మీద సంతకం చేశాను. తప్పు నాది. యల్లా, పని చూడండి."

అంతమంది ముందు ఆ మాటన్న పై అధికారిని నేను మళ్లీ చూడలేదు. మధ్యాహ్నానికి పెద్దాయన లేత్ మీద ఇత్తడి రింగు చేసి బిగించాడు. జర్మనీ నుంచి కొత్త భాగం వచ్చేదాకా యంత్రం దానితోనే నడిచింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున ఫోర్‌మన్ తను రాసింది పైకి చదివేవాడు, నేను ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి. పెద్దాయన పక్కన నిలబడి వినేవాడు. అంతా విన్నాకే ముదీర్ సంతకం.

2008లో పెద్దాయన సొంతూళ్లో పోయాడు. ఆ మాట చెప్పడానికి ముదీర్ స్టోర్‌దాకా నడిచి వచ్చాడు. ఆ ఏడే ఫ్యాక్టరీ చేతులు మారింది. ఇప్పుడక్కడ రిజిస్టర్ ఎవరూ పైకి చదవరు.