మందుల ఫ్రిజ్ తాళం

2022 వానాకాలం. పరవాడ దగ్గర ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. ఉన్న ఒక్క డాక్టరు గారినీ ఆ రోజు స్కూలు క్యాంపుకి పంపారు. ఉదయం పది గంటలకి అప్పలకొండ అనే కూలి మనిషిని భర్త ఆటోలో తెచ్చాడు. కలుపు తీస్తుంటే పాము కరిచింది.

"రక్తపింజరమ్మా, నాను కళ్ళారా సూశాను. మా ఆడది బతుకుద్దా సిస్టరమ్మా?" అంటూ నా చేతులు పట్టుకున్నాడు.

పింజర కాటుకి ముందు చేసేది క్లాటింగ్ టెస్ట్. శుభ్రమైన గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతాం. గడ్డకట్టకపోతే విషం పని మొదలుపెట్టినట్టే. ఇక ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు, వెంటనే పడాలి. ట్యూబు స్టాండులో పెట్టి డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"గడ్డకట్టకపోతే పది వయల్స్ ఎక్కించెయ్యండి. నేను బయల్దేరుతున్నా" అన్నారు.

ఏఎస్‌వీ ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్‌కి తాళం ఉంది. తాళంచెవేమో మద్దిలపాలెంలో మీటింగుకి వెళ్ళిన ఫార్మసిస్టు జేబులో ఉంది! ఎప్పుడో స్టాకు తేడా వచ్చిందని, చెవి ఒక్కరి దగ్గరే ఉండాలని పైనుంచి ఆర్డరు. ఆ ఆర్డరు పాములకి ఎవరు చదివి వినిపిస్తారు?

"రావడానికి గంటన్నర పడుతుంది సిస్టర్. తాళం పగలగొడితే మాత్రం బాధ్యత మీదే" అన్నాడు ఫార్మసిస్టు ఫోన్లో.

"నాదే. రాసుకోండి" అని పెట్టేశాను.

ఇరవై నిమిషాలయ్యాక ట్యూబు వంచాను. రక్తం నీళ్ళలా జారింది. ఆక్సిజన్ సిలిండర్ వాల్వు తిప్పే ఇనప రెంచీ అందుకున్నాను. మా పాత అటెండరు సింహాద్రి అడ్డొచ్చాడు.

"ఏటి సేత్తన్నావమ్మా! గవర్నమెంటు తాళం. ఉజ్జోగం పోద్ది."

"పోతే పోనీ. నువ్వా ఫ్రిజ్ కదలకుండా పట్టుకో."

గొణుక్కుంటూనే గట్టిగా పట్టుకున్నాడు. మూడో దెబ్బకి తాళం ఊడింది. డ్రిప్ మొదలయ్యాక స్టాకు రిజిస్టరు తీసి, పది వయల్స్ వాడినట్టు, తాళం పగలగొట్టింది నేనేనని రాసి సంతకం పెట్టాను.

మధ్యాహ్నానికి డాక్టరు గారు వచ్చారు. సాయంత్రం మళ్ళీ టెస్ట్ చేశాం. ఈసారి ట్యూబు వంచితే రక్తం కదల్లేదు. అందరి ముందూ ఏడ్చేశాను.

తర్వాత నాకు మెమో వచ్చింది, అంటే సంజాయిషీ అడిగే కాగితం. ప్రభుత్వ ఆస్తి ఎందుకు పాడుచేశావని. రెండు టెస్టుల ఫలితాలూ రాసి పంపాను. శిక్షా లేదు, శెభాషూ లేదు. కానీ నెల తిరక్కుండా ఫ్రిజ్‌కి కొత్త తాళం, దాంతోపాటు రెండో తాళంచెవి వచ్చింది. ఆ చెవిని డ్యూటీ రూంలో మేకుకి తగిలించాం.

ఆ మెమో నా సర్టిఫికెట్ల ఫైల్లో అన్నిటికన్నా పైన ఉంటుంది. అంతకన్నా గొప్ప కాగితం నా దగ్గర లేదు.

కొత్తగా చేరిన నర్సులకి మొదటిరోజే ఆ మేకు చూపిస్తాను. ఆ తర్వాత, రెంచీ ఎక్కడుంటుందో కూడా చూపిస్తాను.