ముసుగు రౌతు ముఖం

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో మాయల సీరియల్ చూస్తూ, అందులో ముఖం కనిపించని మంత్రగాడు ఎవరో చెప్పుకో అమ్మమ్మా అని నన్నడిగి, నేను కళ్లజోడు వెతుక్కునేలోపే ఎక్కడో చదివేసి తనే చెప్పేసింది. అది నవ్వుతూనే ఉంది గాని నాకు నవ్వు రాలేదు. ముసుగు వెనక ఎవరున్నారన్న ప్రశ్న వింటే ఈ వయసులో కూడా నా అరచేతులకు చెమటలు పడతాయి. వారపత్రిక కోసం బస్సుకు ఎదురెళ్లిన నా ఈడువాళ్లకైతే ఈ బాధ కొంత అర్థమవుతుంది.

మేము టేకులపల్లికి ఆవల అడవి అంచున ఉండేవాళ్లం. ఎండాకాలం వస్తే ఊరంతా తునికాకు పనే. ఆడవాళ్లు పొద్దున్నే అడవికి వెళ్లి బీడీలకు పనికొచ్చే ఆ ఆకు కోసుకొచ్చి, మధ్యాహ్నం మా వాకిట్లో పందిరి కింద కూర్చుని కట్టలు కట్టేవారు. చేతులకు పని ఉన్నా చెవులకు తీరికే కదా, ఏడో తరగతి పూర్తిచేసిన నేను వాళ్లకు వారపత్రికలో వచ్చే జానపద సీరియల్ చదివి వినిపించేదాన్ని. అందుకు బదులుగా నా వంతు కట్టలు కూడా వాళ్లే కట్టేవారు.

ఆ కథలో యుద్ధానికి వెళ్లిన రాజు తిరిగి రాడు. రాణికి ఆపద వచ్చినప్పుడల్లా నల్ల ముసుగు వేసుకున్న రౌతు ఒకడు గుర్రం మీద వచ్చి, కాపాడి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోతాడు. ఆయనెవరన్నదే మా పందిరి కింద రోజూ తగువు. మంత్రి కొడుకని మా నాయనమ్మ, కాదు గంధర్వుడని పక్కింటి పెద్దమ్మ, వాదించుకుని మూతులు ముడుచుకునేవారు. ముసుగు రౌతు వచ్చిన చోటల్లా మా మేనత్త చేతిలో కట్టలు కట్టే నార ఆగిపోయేది.

అత్త భర్త వెదురు నరికే పనికని గోదావరి దాటి వెళ్లి అప్పటికి నాలుగేళ్లు. మొదటి ఏడు కబుర్లు వచ్చాయి, తర్వాత అవీ లేవు. మాలో మారుమనువు తప్పు కాదు. అశ్వారావుపేట వైపు నుంచి భార్య పోయిన రైతు ఒకాయన, నెమ్మదస్తుడని పేరున్నవాడు, అత్తను అడిగించాడు. ఆకు పని ముగిసేలోగా ఏదో ఒకటి తేల్చమని నాయనమ్మ గడువు పెట్టింది. ఎవరికీ చెప్పని సంగతి అత్త ఒకనాడు బావి దగ్గర నాకు చెప్పింది.

“ఆ ముసుగాయన రాజే అయితే మీ మామ గూడ వస్తడు బిడ్డా. రాజు కాకుంటే నేను అశ్వారావుపేట పోత. గంతే.”

దేవుడి ముందు పూలు పెట్టి అడిగినట్టు ఆమె ఆ సీరియల్‌ను అడిగింది. ఇక ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. రాసేవాడు ఏ ఊళ్లో ఉంటాడో, మా అత్త కాపురం తన కలం కింద ఉందని ఆయనకేం తెలుసు?

ఆఖరి భాగం వచ్చిన రోజు రోడ్డు మీదే నిలబడి చదివాను. ముసుగు తీసింది గుర్రపుశాల కాపరి. రాజు మొదటి యుద్ధంలోనే చనిపోయాడట, రాణిని కాపాడమని పోతూ పోతూ అతని దగ్గర మాట తీసుకున్నాడట. ఇంటిదాకా కాళ్లీడ్చుకుంటూ వచ్చాను. పందిరి కింద అందరూ నాకోసమే చూస్తున్నారు. అత్త ముఖం చూశాక నా నోరు నా మాట వినలేదు. ముసుగు తీస్తే రాజే ఉన్నాడని చదివేశాను. అందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు, అత్త కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఆమె సంబంధం వద్దంది. తెల్లారి మొదటి బస్సుకు మా నాన్న ఆ మాట చెప్పి రావడానికి చెప్పులు తొడుక్కుంటుంటే అత్తను ఇంటి వెనక్కు లాక్కెళ్లాను.

“అత్తా, నేను అబద్ధం చదివిన. రాజు సచ్చిపోయిండు.”

ఆమె కొడుతుందనుకున్నాను. ఉన్నదున్నట్టు చదవమంది. చదివాను. “ఇంకోపారి చదువు” అంది. రెండోసారి నేను ఏడుస్తూ చదివాను గాని ఆమె ఏడవలేదు. కొంగు నడుముకు దోపుకుని వాకిట్లోకి వెళ్లింది.

“అన్నా, ఆగు. ఒప్పుకున్ననని చెప్పు.”

అత్త అక్కడ బాగానే బతికింది, ఇద్దరు పిల్లలను కన్నది, నన్ను ఏనాడూ తప్పు పట్టలేదు. ఇప్పుడు మనిషి కనబడకపోతే ఫోనుల్లో ఫొటో తిప్పి వెతుకుతున్నారు, కథ ముగింపు కావాలంటే క్షణంలో చూసుకుంటున్నారు, తెలియకుండా వారం రోజులు గడపాల్సిన గతి ఎవరికీ పట్టడం లేదు. మంచిదే. మాకు మామ జాడ చెప్పేవాళ్లు ఎవరూ లేక రెండు పేజీల కథను నమ్ముకున్నాం.

అత్త వెళ్లాక ఎన్నో ఏళ్లు, మా ఊరి రోడ్డు మీద బస్సు ఆగితే చాలు, మామ దిగుతాడేమోనని నేను హడలిపోయేదాన్ని. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతరంతా తిప్పిన మనిషి ఆయన. క్షేమంగా తిరిగి రావాలని మొక్కుకోవాల్సిన దాన్ని, రాకూడదని మొక్కుకున్నాను. ఆయన రాలేదు.