షుగరు అదుపులో ఉన్నందుకు

మోర్ధానా ఆనకట్ట నీళ్ల కింద సుబ్బమ్మ చేసిన సేద్యానికి వంక పెట్టినవాళ్లు లేరు. షుగరు వచ్చినప్పుడు దాన్నీ సేద్యం మాదిరే పట్టింది. ఇంట్లో అందరికీ అన్నం వండినా, తనకు మాత్రం రాగిసంగటి ముద్ద, గిన్నెడు ఉలవ గుగ్గిళ్లు. పెళ్లికి పోయినా ఆకులో పాయసం వడ్డించనిచ్చేది కాదు. గుడియాత్తంలో రక్తం చూసే పిల్ల, అందరూ ఈ అవ్వ మాదిరి ఉంటే మా అంగడి మూసుకోవాల్సిందేనని నవ్వేది.

అట్లాంటి మనిషికి చిగుళ్లు వదులై నమిలే పళ్లు ఒకటొకటే రాలిపోయినాయి. సంగటి మింగొచ్చు, గుగ్గిళ్లు ఎట్లా? ఆకలికి తాళలేక మెత్తటి అన్నం పిసుక్కుని తినడం మొదలుపెట్టింది. ఇదే సాగితే పట్టిన షుగరు చేయి జారుతుందని ఆమెకు తెలుసు. మొండి రోగాలున్నవాళ్లకు కట్టుడు పళ్లు ఉచితమని విని, కొడుకు హేమనాథ్‌ను వెంటబెట్టుకుని వేలూరు బస్సెక్కింది.

పళ్ల ఆసుపత్రిలో చీటీలు చూసే ఆదిమూలం తెలుగువాడే. షుగరు అదుపు తప్పినవాళ్లకే ఉచితం, మీది అదుపులో ఉండాది కాబట్టి రాదు అన్నాడు. అదుపు తప్పితే వెంటనే కడతారా అని అడిగింది. కట్టరట. ముందు చీటీ ఇస్తారట, షుగరు దిగినాక కడతారట.

సుబ్బమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆదిమూలం చెడ్డవాడేం కాదు, గొంతు తగ్గించి ఉపాయం చెప్పినాడు.

"అవ్వా, వారం దినాలు బెల్లం తిని రా. నేనే రాసిస్తా. అందరూ చేసేదే."

"ఇన్నేండ్లు కట్టేసిన ఎద్దును నీ చీటీ కోసం విప్పమంటావా నాయనా? అది పైరు మీద పడితే నువ్వొచ్చి తోలతావా?"

అతను వరసలో వెనకున్న మనిషిని పిలిచినాడు.

వారమే గదా అని బస్సులో హేమనాథ్ నచ్చజెప్పబోయినాడు. షుగరుకు కాలు పోగొట్టుకున్న మేనత్తను గుర్తుచేసి వాడి నోరు మూయించింది. అయినా వాడు గుడియాత్తం బజారులో దిగి బెల్లం అచ్చు కొని, తెచ్చి వంటింట్లో పెట్టినాడు.

సుబ్బమ్మ ముక్క విరిచి నోట్లో వేసుకుంది. ఎన్నేండ్ల తీపో, నోరంతా ఊరింది. ఒళ్లు చూసుకున్నందుకా ఈ శిక్ష? పెరట్లోకి పోయి తుపుక్కున ఉమ్మింది. మిగిలిన అచ్చు ఆవు తొట్లో పడేసింది.

"దానికెందుకమ్మా?"

"దానికి నమిలే పళ్లుండాయిరా."

రోలు కడిగి, ఉడికిన ఉలవలు పోసి పొత్రం తిప్పింది. ఉలవలు వెన్న మాదిరి నలిగినాయి. అయినా చేయి ఆపలేదు.