తగ్గిందని చెప్పిన సాక్ష్యం

మా ఊరి చర్చి మందిరంలో ఆదివారం పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పే ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు ఏ మేలు చేశాడో ఎవరికి వాళ్లు లేచి చెప్పాలి. మా అమ్మ ఎప్పుడూ లేచేది కాదు. కొంగు తలమీదికి లాక్కుని చాప చివర కూర్చుని, పక్కవాళ్ల మేళ్లకు స్తోత్రం చెప్పి ఇంటికొచ్చేసేది. అలాంటి మనిషిని ఒక ఆదివారం మోచేత్తో పొడిచి మరీ లేపింది నేనే.

అప్పటికి కొన్ని వారాలుగా అమ్మకు కుడిచెయ్యి లాగుతోంది. కూలి పనులకు పోయే చెయ్యి, లాగక ఏమవుతుందిలే అనుకున్నాం. శనివారం అయ్యగారు ఇంటికొచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. మర్నాడు పొద్దున "కాస్త తేలిగ్గా ఉందే" అంది. నాకు అంతే చాలు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను, సోమవారం తెల్లారేసరికి నూజెండ్లలో బస్సెక్కాలి. నాన్న పోయాక ఇంట్లో అమ్మ ఒక్కతే. ఆమె బాగుందని నలుగురిలో వింటే నిశ్చింతగా వెళ్లొచ్చని నా స్వార్థం. అమ్మ లేచి నిలబడి, "చెయ్యి నొప్పి తగ్గింది. దేవుడికి స్తోత్రం" అని గబుక్కున కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు.

ఆ తర్వాత ఫోన్లో ఎప్పుడడిగినా ఒకటే జవాబు. "దేవుడు బాగు చేశాడు గదే." తగ్గిందని మాత్రం మళ్లీ అనలేదు. పిల్లల వ్యాసాల్లో కామా తప్పితే పట్టుకునే నేను అది పట్టుకోలేకపోయాను.

క్రిస్మస్ వెళ్లింది, మిరప కోతలు వచ్చాయి. బడికి సెలవని ఒకరోజు నేనూ అమ్మతో చేలోకి వెళ్లాను. కోతలో ఒక్కొక్కరు ఒక్కో సాలు పట్టుకుని సాగుతారు. ఎప్పుడూ అందరికన్నా ముందుండే అమ్మ ఆరోజు అందరి వెనకాల ఉంది. కుడి మోచేతిని పక్కకు అదిమిపెట్టి, ఎడంచేత్తో దగ్గరి కాయలే తెంపుతోంది. చెట్టుకు అవతలి కొమ్మల కాయలు పక్క సాలులోని పిన్ని కోసి, అమ్మ సంచిలో వేస్తోంది. పిన్నంటే మా ఇంటి ఎదురింటావిడ. నన్ను చూసి తల దించుకుంది.

"మీ అమ్మకు చానా రోజుల్నుంచి చెయ్యి లేవట్లా. నీకు చెప్పొద్దని బతిమాలింది" అంది.

ఇంటికెళ్లాక అమ్మ వద్దంటున్నా వినకుండా చూశాను. రొమ్ములో గడ్డ, చంక దాకా పాకిన వాపు. నా కోపం ఊరందరికీ తెలుసు. గట్టిగా అరిచాను.

"ఏందమ్మా ఇది? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలా?"

"అంతమంది ముందు తగ్గిందని సాక్ష్యం చెప్పా గదే. ఇప్పుడు తగ్గలేదంటే దేవుడి పేరు ఏం గావాలి? నొప్పంటావా, ఓర్చుకుంటా. ఆయనకు మాట రానిస్తానా?"

ఆ సాక్ష్యం చెప్పించింది నేను.

గుంటూరులో డాక్టరు పరీక్షల కాగితాలు చూసి చాలా ఆలస్యమైందన్నారు. మందులిచ్చి పంపారు. సంగతి విని అయ్యగారు వచ్చారు. ముసలాయన, అమ్మ మంచం పక్కన కూర్చుని ఏడ్చేశారు.

"దేవుడు భరించమన్నాడు గానీ దాచమన్లేదమ్మా. సిలువ మీద ఆయనే దాహమని నోరు తెరిచి అడగలా?"

"అయితే అడగొచ్చా అయ్యగారూ?" అంది అమ్మ, చిన్నపిల్లలాగా. ఆ మాట తలుచుకుంటే నాకు ఈరోజుకీ ఏడుపొస్తుంది.

ఆ ఆదివారం మందిరానికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. సాక్ష్యాలప్పుడు నా భుజం పట్టుకుని, ఎవరూ పొడవకుండానే లేచింది.

"ఆరోజు తగ్గిందని చెప్పా. తగ్గలా. చానా నొప్పిగా ఉంది. అయినా నేను ఆయన చేతుల్లోనే ఉన్నా."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అమ్మ మాత్రం బరువు దించుకున్నట్టు కూర్చుంది. ఆ తర్వాత నొప్పొస్తే దాచుకోలేదు, నా చెయ్యి పట్టుకుని మూలిగేది, నీళ్లడిగేది, మళ్లీ ప్రార్థన చేసుకునేది. దేవుడి మీద సణగడం ఒక్కసారీ వినలేదు. అంతకుముందు అమ్మ అన్నిటికీ దేవుడి చిత్తమని లోబడటం చూస్తే నాకు ఒళ్లు మండేది. అది పిరికితనం కాదని ఆ మంచం దగ్గర తెలిసింది. తెలిసేసరికి రోజులు అయిపోయాయి. మామిడికాయలు పండకముందే అమ్మ వెళ్లిపోయింది.

జ్ఞాపకార్థ కూడికలో అందరూ అమ్మ ఓర్పు గురించే మాట్లాడారు. ఎంత నొప్పి వచ్చినా పైకి చెప్పలేదని మెచ్చుకున్నారు. వింటూ పళ్లు కొరుక్కున్నాను. చివర్న నా వంతు వచ్చింది. దుఃఖంలో దేవుడు ఆదరించాడని ఇంటివాళ్లు చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మ కూర్చునే చాప చివర పిన్ని ఒక్కతే కూర్చుని ఉంది.

"నాకింకా తగ్గలేదండీ" అన్నాను.

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుని, మెల్లగా "స్తోత్రం" అంది.