అత్తమ్మ చెలకలో జొన్నమల్లె

మొన్న బుధవారం రఘునాథపల్లి నుంచి బావ వచ్చి, "అమ్మ పోయింది" అంటూ గుమ్మంలోనే కూలబడ్డాడు. బావ వాళ్ల అమ్మ నాకు మేనత్త, మా నాయినకు అక్క. నేను చేసిన పాడుపని చెప్పకుండా ఆమె మంచితనం చెప్పడం నా వల్ల కాదు.

అరవై తొమ్మిది ఉద్యమంలో మహబూబాబాద్‌లో బళ్లు మూతపడితే నాయిన నన్ను రఘునాథపల్లిలో అత్తమ్మ దగ్గర దింపాడు. అప్పుడు నాకు పదేళ్లు. ఆమెకున్నది ఒక్కటే మెట్ట చెలక. ఆ జొన్నల రవ్వతో వండే గట్కే వాళ్లకు ఏడాదంతా తిండి. పొద్దున్నే వెళ్లి జొన్నకర్రలను పేరుపేరునా పలకరించేది. "ఇంకా కంకి ఎయ్యవానే? ఎవల కోసం చూస్తున్నవ్?" అనేది. నాకంటే ఆ కర్రలే ఆమెకు ముద్దని నాకు ఉక్రోషం.

బతుకమ్మ వచ్చింది. అందరికంటే ఎత్తుగా పేర్చాలని నా పంతం. అవతలివాళ్ల చేనులో జొన్నల మొదళ్ల దగ్గర జానెడు మొక్కలు, తెల్లటి పూలు కనిపించాయి. పెరికి లంగాలో మూటకట్టుకుని అత్తమ్మ చెలకకు అడ్డంపడి ఇంటికి పరుగెత్తాను. పైన పూలున్నా కింద కాయలు ఎండి పగిలి ఉన్నాయి. అత్తమ్మ చూస్తూనే అన్నీ లాక్కుని పొయ్యిలో పెట్టింది.

"గిది జొన్నమల్లె బిడ్డా. జొన్న ఏరును పట్టుకొని దాని రసం తాగుతది. దీన్ని బతుకమ్మల పెడ్తరా?" అంది. ఏ దారిన తెచ్చావని అడగలేదు. నేనూ చెప్పలేదు.

బళ్లు తెరిచాక నేను మహబూబాబాద్ వెళ్లిపోయాను. మరుసటి ఏడు వానలున్నా అత్తమ్మ జొన్న వడలిందని, గాలికి జొన్నమల్లె వచ్చిపడిందని బావ చెప్పాడు. నా మూటలోంచి రాలిన గింజలేనని నాకు అర్థమైంది. చెలకంతా పాకకుండా ఆమె మూడేళ్లు జొన్న మానేసి ఆముదాలు వేసింది. ఆముదం వేరు ఆ మొక్కకు పనికిరాదట. గట్క లేక నూకలు తిన్నది. "నూకలు కడుపుల నిలవయి" అని నవ్వేది.

ఎడారుల్లో కూడా పొదల వేళ్లను పట్టుకుని బతికే మొక్కలుంటాయని బడిలో సారు చెబితే, సెలవులకు వెళ్లినప్పుడు ఆమెకు చెప్పాను. "అయ్యో, ఆడ నీళ్లే ఉండవు గదా! గా పొద తానేం తాగుతది, దానికేం పోస్తది?" అని ఎన్నడూ చూడని పొద కోసం చాలాసేపు బాధపడింది. అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. లేచి వాకిట్లోకి వెళ్లిపోయాను.

మళ్లీ జొన్న పండిన ఏడు కొత్త గట్క వండి నన్ను పిలిపించింది. పళ్లెం ముందు కూర్చుని ఏడ్చేశాను.

"అత్తమ్మా, గాలికి రాలే. నేనే తెచ్చిన."

"ఎర్కనే బిడ్డా. చేనంత మొలువలే. అవతలోళ్ల చేను గెట్టు కాడికెళ్లి ఇంటి దిక్కు ఒక్క తొవ్వనే గీత గీసినట్టు మొలిచింది. నడుమ యాడనో ఆగినట్టున్నవ్, ఆడ గుంపుగ మొలిచింది."

"మరి నన్నెందుకు కొట్టలే?"

"కొడితే మల్ల మా ఇంటికి వద్దువా? సల్లారుతది, తిను."

గట్కలో చల్ల పోసి నా ఎదురుగా కూర్చుంది. తింటున్నంతసేపూ కదల్లేదు. చివర్లో పళ్లెం అంచుకు అంటుకున్న మెతుకులను కూడా వేలితో నా వైపు తోసింది.